రిటైరైన నాన్నని ఏదైనా సేవా పనిలో పెడితే నిజంగా ఆరోగ్యం బాగుపడుద్దా?

ప్రశ్న అడిగినావిడ కొంచెం పెద్దగా రాశారు, మిగతావాళ్ల కోసం కుదించి చెప్తా. వాళ్ల నాన్నగారికి 68 ఏళ్లు, కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు, గుంటూరు బ్రాడీపేటలో ఒక్కరే ఉంటారు. అమ్మగారు లేరు, ఈవిడకి బెంగళూరులో ఉద్యోగం. ఆయనకి షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, చెవి కాస్త మందం. పొద్దున లేస్తే టీవీ, లేదంటే ఫోను. ఏదన్నా గుడి సేవలోనో ట్రస్టులోనో పెట్టండి, మనిషి హుషారవుతాడు, బీపీ కూడా దిగుద్ది అని బంధువులు చెప్తున్నారంట. ఇందులో నిజమెంత, బయట తిప్పితే ఇంకా నీరసపడిపోతారా, బండి మీద వెళ్లనివ్వొచ్చా అని అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని అండీ. విజయవాడలో సత్యనారాయణపురం, గాంధీనగర్, పటమట, అప్పుడప్పుడు గుంటూరు కూడా, పెద్దవాళ్ల ఇళ్లకెళ్లి ఎక్సర్‌సైజులు చేయిస్తుంటా. మోకీలు మార్పిడి అయినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, బాత్రూంలో జారి తుంటి విరిగినవాళ్లు, ఎక్కువ వీళ్లే. డాక్టరుగారు పది నిమిషాలు చూసి మందు రాస్తారు, మేము గంట సేపు ఇంట్లో కూర్చుంటాం కాబట్టి ఆ మనిషి రోజంతా ఏం చేస్తున్నాడు, ఎవరితో మాట్లాడుతున్నాడు, మధ్యాహ్నం అన్నం తిన్నాడా లేదా అన్నీ మా కంట పడతాయి.

సూటిగా చెప్పాలంటే, అవును, పనిచేస్తది. కానీ బీపీ బిళ్ల మానేసేంత పని చెయ్యదు. ఇంకో సంగతి, ఏ సేవ, ఏ గుడి, ఏ ట్రస్టు అన్నది పెద్ద లెక్కలోది కాదు. ఆయన ఒక రోజు రాకపోతే అక్కడ ఎవరో ఒకరు "ఏం సార్, ఇవాళ కనపళ్లేదు" అని ఫోన్ చెయ్యాలి. అలాంటి పని దొరికితే చిన్నదైనా సరే పంపండి. ఆయన వచ్చినా రాకపోయినా ఒకటే అయిన చోటికి పంపితే రెండు వారాల్లో మళ్లీ సోఫాలోకే వస్తారు.

ఇదేదో పెద్దలు చెప్పే మాటే కాదు, లెక్కలు కూడా ఉన్నాయి. 2010లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది, 148 పరిశోధనలు కలిపి 3 లక్షల మందికి పైగా మనుషుల వివరాలు చూశారు, సగటున ఏడున్నరేళ్లు గమనించినవి. నలుగురితో గట్టి సంబంధాలు ఉన్నవాళ్లు బతికుండే అవకాశం, అవి లేనివాళ్లకంటే 50 శాతం ఎక్కువని తేలింది. అది కుటుంబం, స్నేహితులు, ఇరుగుపొరుగు, సంఘాలు అన్నీ కలిపిన లెక్క, ఒక్క సేవ గురించే కాదు. సేవ గురించి విడిగా 2020లో అమెరికాలో 50 దాటిన దాదాపు 13 వేల మందిని చూసిన పరిశోధన ఉంది. ఏడాదికి 100 గంటలు, అంటే వారానికి సుమారు రెండు గంటలు వేరేవాళ్ల కోసం పనిచేసినవాళ్లలో మరణాలు తక్కువ, నడవడం మెట్లెక్కడం లాంటి వాటిలో ఇబ్బందులు తక్కువ, బతకడానికి ఒక అర్థం ఉందనే భావన ఎక్కువ.

మీ బంధువులకి ఇది కూడా చెప్పండి. అదే పరిశోధనలో షుగరు, బీపీ, పక్షవాతం, గుండె జబ్బు, కీళ్ల నొప్పులు, వీటిలో తేడా ఏమీ కనపళ్లేదు. 2013లో ఇంకొకటి వచ్చింది, అందులో ఏడాదికి 200 గంటలు చేసినవాళ్లకి కొత్తగా బీపీ రావడం తక్కువుంది. అంటే బీపీ విషయంలో ఒకటి ఇలా, ఒకటి అలా. పైగా మీ నాన్నగారికి బీపీ ఎప్పుడో వచ్చేసింది. కాబట్టి "సేవకెళ్తే బీపీ దిగుద్ది" అని ఆశ పెట్టి పంపొద్దు, నెల తర్వాత మిషన్ పెట్టుకుని చూసుకుని దిగలేదని మానేస్తారు. దాని జోలికి పోకుండా నడక, నిద్ర, తిండి, మాట, వీటి కోసం పంపండి.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఓపికున్నవాడేగా సేవకెళ్లేది? మంచంలో ఉన్నవాడు వెళ్లడుగా. అలాంటప్పుడు సేవ వల్ల ఆరోగ్యమా, ఆరోగ్యం వల్ల సేవా అని అడిగితే సగం సగం అని నా అభిప్రాయం. ఈ అనుమానం తీర్చుకోడానికే అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ వాళ్లు ఒక పని చేశారు. ఎక్స్‌పీరియన్స్ కోర్ అని, 60 దాటినవాళ్లని వారానికి 15 గంటలు ప్రైమరీ స్కూళ్లలో పిల్లలకి చదువు నేర్పించడానికి పంపించి, పంపని వాళ్లతో పోల్చారు, ఎవరు ఏ గుంపులోకి అన్నది లాటరీ మీద. రెండేళ్ల తర్వాత మెదడు స్కాన్లు చూస్తే, ముఖ్యంగా మగవాళ్లలో, జ్ఞాపకానికి సంబంధించిన భాగం మామూలుగా తగ్గాల్సిన వయసులో కొంచెం పెరిగింది. బ్రహ్మాండమైన తేడా కాదు, కానీ లాటరీ వేసి చేసింది కాబట్టి నేను దానికి విలువిస్తా. ఇంకోటి గమనించండి, వాళ్లు చేసింది ఊరికే కూర్చుని ప్రసాదం పంచడం కాదు, లేవాలి, స్కూలుకి వెళ్లాలి, మెట్లెక్కాలి, పేర్లు గుర్తుపెట్టుకోవాలి, పిల్లాడు పక్కచూపులు చూస్తుంటే వాణ్ణి దారిలోకి తేవాలి. కాళ్లకీ బుర్రకీ ఒకేసారి పని.

నా అనుభవంలో కూడా అంతే. పటమటలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, రెండు మోకాళ్లూ అరిగినాయి, తొడ కండరాలకి ఎక్సర్‌సైజులు రాసిస్తే కాగితం ఫ్రిజ్ మీద మాగ్నెట్‌తో అతికించి పెట్టారు, అంతవరకే. నేను వెళ్లిన రోజు చేసేవారు, వెళ్లని రోజు లేదు. కోడలు పోరితే "ఎవరికోసం చెయ్యాలి ఇదంతా" అనేవారు. వాళ్ల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు టెన్త్ చదువుతోంది, ఆ పిల్లకి లెక్కలు చెప్పమని కోడలే అడిగింది, తర్వాత పక్క బిల్డింగుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు కూడా తోడయ్యారు, సాయంత్రం సెల్లార్లో బోర్డు పెట్టి క్లాసు. లిఫ్ట్ పోయిన రోజు సెకండ్ ఫ్లోర్ నించి దిగి ఎక్కాల్సొచ్చింది, ఆ మర్నాడు ఆయనే నాకు ఫోన్ చేసి మెట్లెక్కడానికి ఏ ఎక్సర్‌సైజ్ పనికొస్తదో అది చెప్పమ్మా, పబ్లిక్ పరీక్షలు దగ్గరకొస్తున్నాయి అన్నారు. నేను అంతకుముందు చెప్పినవే మళ్లీ చెప్పా, ఈసారి చేశారు. మోకాలు అరుగుదల ఎక్స్‌రేలో అలాగే ఉంది, నొప్పి కూడా పూర్తిగా పోలేదు, కానీ మనిషి నడక మారింది.

దీనికి ఉల్టా కేసు కూడా చెప్తా. 2024 సెప్టెంబర్లో బుడమేరు వరదకి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా పేషెంట్ల ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది కదిలారు, పులిహోర పొట్లాలు కట్టడం, పాత బట్టలు సర్దడం, ఎవరికి మందులు కావాలో ఫోన్లు చేసి రాసుకోవడం. ఒకాయనైతే అంతకుముందు గుమ్మం దాటనివాడు పొద్దున ఆరింటికల్లా రెడీ. నీళ్లు తగ్గినాయి, పనీ అయిపోయింది, దసరా వెళ్లేసరికి మళ్లీ పాత కుర్చీలోనే. ఒక పూట కడుపు పగిలేలా తిని వారం పస్తున్నట్టు అది. అందుకే పెద్ద పెద్ద కార్యక్రమాల కంటే వారంలో రెండు రోజులు, రోజుకి గంటా గంటన్నర, ఫలానా రోజు ఫలానా టైము అని ఉన్నదే మేలు.

ఎక్కువ చేస్తే ఎక్కువ లాభం అని కూడా అనుకోవద్దు. ఆపద్ధర్మంగా సెక్రటరీ అయ్యి ఇరుక్కుపోయినవాళ్లని చూస్తుంటా. మొగల్రాజపురంలో ఒకాయన ఖాళీగా ఉన్నారని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీని చేశారు, మెయింటెనెన్స్ కట్టనివాళ్లతో గొడవ, వాటర్ ట్యాంకర్ గొడవ, పార్కింగ్ గొడవ, రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో తిట్లు. నిద్ర పోయింది, బీపీ ఎక్కింది, డాక్టరు ఇంకో బిళ్ల రాశారు. సెక్రటరీ పదవి సేవ కాదండీ, శిక్ష. మీ నాన్నగారికి ఎవరైనా ఇస్తామంటే దణ్ణం పెట్టి తప్పుకోమనండి. డబ్బు లెక్కలు, నలుగురి మధ్య తీర్పులు లేని పని చూడండి. 2012లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పెద్దవాళ్ల మీద వచ్చిన పరిశోధన ఒకటుంది, అవతలివాళ్ల కోసం అని సేవ చేసినవాళ్లు ఎక్కువ కాలం బతికారు, నాకేదో ఒరుగుద్దని చేసినవాళ్లకి అసలు చెయ్యనివాళ్లకీ పెద్ద తేడా లేదు. అందుకే "నీ ఆరోగ్యానికి మంచిది నాన్నా" అని పంపడం నాకు నచ్చదు, ఎలా చెప్పాలో కింద రాస్తా.

ఇక్కడ ఒక్క మాట ఆడవాళ్ల గురించి, ఎందుకంటే ఇది చదివి "అయితే మా అమ్మని కూడా పెడతా" అనేవాళ్లు ఉంటారు. అమ్మలకి రిటైర్మెంట్ ఎప్పుడయిందండీ? పటమటలోనే ఒకావిడ, 70 దాటినాయి, ఆయనకి పక్షవాతం, స్నానం దగ్గర్నించి తిండి దాకా ఈవిడే. అమ్మ డల్‌గా ఉంటోంది, గుళ్లో అన్నదానానికి కూరలు తరగడానికి పంపుదామా అని కొడుకు అడిగాడు. ఇంట్లో తరుగుతోందిగా బాబూ, అక్కడ కూడానా అన్నా. వాళ్లకి కావాల్సింది సేవ కాదు, బాధ్యత లేని రెండు గంటలు. మధ్యాహ్నం పూట ఒక అటెండర్ని పెట్టారు, ఆవిడ ఎదురు వీధిలో విష్ణు సహస్రనామం గ్రూపుకి వెళ్తోంది, అక్కడ పారాయణం అరగంట, కబుర్లు గంట. ఆ కబుర్ల కోసమే పంపమన్నది నేను.

సరే మీ నాన్నగారి దగ్గరికొద్దాం. పంపే ముందు చూసుకోవాల్సినవి:

మొట్టమొదట చెవి. మోకాలు కంటే ముందు చెవి చూపించండి. చెవి మందమైనవాళ్లు నలుగురిలో కూర్చుంటే సగం మాట వినపడదు, ఏమన్నారు ఏమన్నారు అని అడగడం నామోషీ, తలూపి నవ్వేసి ఊరుకుంటారు, రెండోసారి రారు. ఇంట్లోవాళ్లు ఆయనకి ఇంట్రెస్ట్ లేదు అనుకుంటారు. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో మతిమరుపు జబ్బుకి దారితీసే, మనం మార్చుకోగలిగిన కారణాలు 14 అని లిస్టిచ్చింది, అందులో వినికిడి లోపమూ ఉంది, ఒంటరితనమూ ఉంది, నేను చూసిన ఇళ్లలో ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. ఈఎన్‌టీ దగ్గర ముందు గుబిలి ఉందేమో చూపించండి, తర్వాత ఆడియోమెట్రీ, అంటే ఎంత వినపడుతోందో కొలిచే టెస్ట్. చెవి మిషన్ పెట్టుకున్నాక అలవాటవ్వడానికి వారాలు పడుద్ది, మొదటి వారమే డ్రాయర్లో పడెయ్యకుండా చూడండి.

తర్వాత కాళ్లు. దీనికి ఇంట్లోనే చేసే టెస్టుంది. చేతులు లేని గట్టి కుర్చీ గోడకి ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి, పక్కన ఒక మనిషి ఉండాలి. ఆయన వయసు మగవాళ్లకి 12 కంటే తగ్గితే కాళ్లలో బలం తక్కువున్నట్టు. ఇంకోటి, కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు మామూలుగా నడిచి తిరిగొచ్చి కూర్చోవాలి, 12 సెకన్లు అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. ఇవి తక్కువొస్తే సేవకి పంపొద్దని కాదు, కూర్చుని చేసే పని చూడమని, ఈలోపు ఎక్సర్‌సైజులు మొదలెట్టమని. అన్నదానంలో వడ్డించే పని మాత్రం వద్దు, తడి నేల, చేతిలో సాంబారు బకెట్టు, నడుం వంచి వంచి వడ్డించాలి, ఆ పనికి కుర్రాళ్లున్నారు.

షుగరు సంగతి, గ్లిమెపిరైడ్ లాంటి బిళ్లలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే భోజనం లేటయితే షుగర్ పడిపోద్ది. చెమటలు, వణుకు, మాట తడబాటు. సేవలో ఉన్నప్పుడు "ఇంకాసేపట్లో తింటాలే" అనడం మనవాళ్లకి అలవాటు. జేబులో గ్లూకోజ్ పొడో చక్కెర పొట్లమో ఉండాలి, అక్కడ ఒక్కరికైనా ఆయనకి షుగరుందని తెలియాలి. ఎండాకాలం ఇంకా జాగ్రత్త. చలివేంద్రం దగ్గర మజ్జిగ పోసే పని పుణ్యమే కానీ మే నెల గుంటూరు ఎండలో, అందులోనూ బీపీకి నీళ్లు లాగేసే బిళ్ల వేసుకుంటుంటే, పదింటి తర్వాత అక్కడ నిలబడకూడదు. మోతాదు మార్చాలా వద్దా అన్నది డాక్టరుగారిని అడగండి, సొంతంగా మానొద్దు.

బండి గురించి అడిగారు. కంట్లో శుక్లం లేదని చూపించుకుని, మెడ రెండు పక్కలకీ బాగా తిరుగుతుంటే, పగటిపూట సొంత పేటలో టీవీఎస్ ఎక్సెల్ మీద తిరగనివ్వండి, అది కూడా లాగేసుకుంటే మగాళ్లు ఇంట్లోంచి కదలరు. రాత్రిపూట, వానలో, మెయిన్ రోడ్డు మీద వద్దు. నన్నడిగితే అసలు నడిచి వెళ్లే దూరంలో ఉన్న పనే వెతకండి, రానూ పోనూ నడకే సగం వైద్యం.

ఇక ఏ పని? ఆయన కరెంటు ఆఫీసు మనిషి కదా, పెన్షనర్ల అసోసియేషన్ ఉంటది, అక్కణ్నించి మొదలెట్టండి. ఏడాదికోసారి, బతికే ఉన్నామని పెన్షన్ కోసం ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ టైములో ఎంతమంది ముసలివాళ్లు ఫోన్లో ఆ మొహం స్కాన్ అవ్వక, వేలిముద్ర పడక ఇబ్బంది పడతారో చూడండి. ఫోను బాగా వాడతారని మీరే రాశారు, ఆ సర్టిఫికెట్ ఫోన్లోనే ఇచ్చే జీవన్ ప్రమాణ్ యాప్ ఒక్కటి నేర్పిస్తే ఆయన చుట్టూ మనుషులుంటారు. అది సీజన్ పని అనుకుంటే, మిగతా రోజుల్లో వయసైన పెన్షనర్లకి, ఇల్లు కదల్లేనివాళ్లకి, వారానికోసారి ఫోన్ చేసి పలకరించే పని. మోకాళ్లతో సంబంధం లేదు, కూర్చునే చెయ్యొచ్చు, చెవి మిషన్ సెట్టయితే చాలు. సర్కారు బళ్లో కరెంటు మీద, సోలార్ మీద చిన్న క్లాసులు కూడా బాగుంటాయి, హెడ్మాస్టర్ని కలిసి పర్మిషన్ తీసుకోవాలి. గవర్నమెంటు హాస్పిటల్లో ఊళ్లనించి వచ్చినవాళ్లకి ఓపీ ఎటో ల్యాబ్ ఎటో చూపించే పని కూడా మంచిదే, కానీ ఆయన ఎక్కువసేపు నిలబడలేరు, పైగా అక్కడి దగ్గులు జలుబులు అంటుకుంటాయి, ఫ్లూ టీకా వేయించకుండా వద్దు.

సేవే అక్కర్లేదు కూడా. గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలో పొద్దున్నే నడిచేవాళ్ల గుంపులుంటాయి, ఒక గుంపులో పడితే అదీ చాలు. నడక అయ్యాక నెయ్యి కారప్పొడి ఇడ్లీ తింటారు, తిననివ్వండి, రెండుతో ఆపమనండి. లైబ్రరీ ఇంకోటి. గ్రంథాలయ ఉద్యమం నడిచిన నేల మనది, 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు వాళ్లు బెజవాడలో గ్రంథాలయ మహాసభ పెట్టిన చరిత్ర ఉంది, ఇప్పటికీ రీడింగ్ రూముల్లో పొద్దున పేపర్ల దగ్గర ఉండేది ఎక్కువగా రిటైరైనవాళ్లే. కాకపోతే అక్కడ మాట్లాడకుండా కూర్చుని చదువుకుని వచ్చేస్తే నేను చెప్పిన లాభం సగమే. బయటికొచ్చి టీ కొట్టు దగ్గర ఆ పేపర్లో వార్త మీద వాదించుకోవాలి.

ఎలా చెప్పాలి: మీరు చెప్పొద్దు. కూతురు చెప్తే "నా మీద జాలి పడుతున్నారు" అనిపిస్తది. ఆయనతో పనిచేసిన పాత కొలీగ్ ఎవరైనా ఉంటే వాళ్లతో ఫోన్ చేయించండి, "సార్, ఈ యాప్ మాకు కొరుకుడు పడట్లేదు, గురువారం ఒక్క గంట రండి" అని. అడిగింది సాయం అయ్యుండాలి. ఒక్క గంటే అనాలి. వెళ్లొచ్చాక మీరు ఫోన్లో "ఎలా ఉంది, బాగుందా, మళ్లీ వెళ్తావా" అని ఇంటర్వ్యూ చెయ్యకుండా, అక్కడ ఎవరెవరొచ్చారు, ఏం మాట్లాడుకున్నారు అని అడగండి.

పంపకూడని పరిస్థితి కూడా ఒకటుంది. రెండు వారాలకి పైగా నిద్ర సరిగ్గా లేకపోవడం, తిండి తగ్గి బరువు తగ్గడం, ఇష్టమైనవి కూడా వద్దనడం, "నేనుండి ఏం ఉపయోగం" లాంటి మాటలు వస్తుంటే అది ఖాళీగా ఉండటం వల్ల వచ్చిన నీరసం కాదు, డిప్రెషన్ అయ్యుండొచ్చు. భార్య పోయిన మగవాళ్లలో ఇది బయటికి కోపంగానో, ఒంటినొప్పులుగానో కనపడుద్ది. అప్పుడు ముందు సైకియాట్రీ డాక్టరు, గుంటూరు జీజీహెచ్‌లో, అంటే పెద్ద గవర్నమెంటు హాస్పిటల్లో కూడా ఆ విభాగం ఉంది, సేవ తర్వాత. అర్ధరాత్రి భయమేస్తే మానసిక ఇబ్బందులకి ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చెయ్యండి, పెద్దవాళ్ల వేరే సమస్యలకి ఎల్డర్‌లైన్ 14567 ఉంది. ఆ నంబర్లు మీ ఫోన్లోనే కాదు, ఆయన పక్కింటివాళ్ల ఫోన్లో కూడా ఉండాలి, మీరు బెంగళూరులో ఉన్నారు కదా.

ఎన్నాళ్లకి తేడా తెలుస్తుంది అంటే, మొదటి నెల ఏమీ ఉండదు, పైగా కాళ్లు పీకుతున్నాయని గొణుగుతారు, వెళ్లొచ్చిన సాయంత్రం నొప్పి ఉండి మర్నాటికి తగ్గిపోతే కంగారు లేదు, రెండో రోజు కూడా అలాగే ఉంటే టైము తగ్గించండి. మూడు నెలల తర్వాత మళ్లీ ఆ కుర్చీ టెస్ట్ పెట్టి ముందు అంకెతో పోల్చుకోండి. మధ్యలో అక్కడ ఎవరితోనో మాటా మాటా పెరిగి మానేశారనుకోండి, మన పెద్దాళ్లకి అది మామూలే, బతిమాలి అక్కడికే పంపొద్దు, ఇంకో చోటు చూడండి. చెవి టెస్ట్ రిపోర్టు, 30 సెకన్ల లెక్క రాగానే ఇక్కడే రాయండి, ఏ ఎక్సర్‌సైజులు ముందు మొదలెట్టాలో చెప్తా.